గుప్పెడు బియ్యం బిందె

విజయనగరంలో మీ ఇంట్లో పాత ఇత్తడి బిందె ఒకటుండి, దాని మెడ కింద మీ నాయనమ్మ పేరో మేనత్త పేరో చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటే, ఆ చుక్కలు లక్ష్ముడివో, వాళ్ళ నాన్న అసిరయ్యవో అయి ఉంటాయి. గొప్పకు చెప్పడం లేదు. గంటస్తంభం దగ్గర సందులో ఉన్న మా గిన్నెల కొట్టు అరుగు మీదే ఆ తండ్రీకొడుకులు డెబ్బై ఏళ్ళకు పైగా కూర్చున్నారు. కొట్టు మా తాతది, తర్వాత నాన్నది, ఇప్పుడు నాది. నా పేరు విశాలి. ఇది లక్ష్ముడి కథే అయినా ఇందులో నేనూ ఉన్నాను. ఎక్కడ ఉన్నానో, ఉండి ఏం చేశానో కూడా దాచకుండా చెప్తాను.

గిన్నెల మీద పేర్లు కొట్టడమంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పెళ్ళికి సారె గిన్నెలు కొన్నా, గృహప్రవేశానికి బిందె చదివించినా దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు, సంవత్సరం పడాల్సిందే. పేరు లేకపోతే ఇచ్చినట్టు గుర్తేముంది? పైగా శుభకార్యాల్లో గిన్నెలు ఒకళ్ళవి ఒకళ్ళ ఇళ్ళకు పోతాయి, పేరుంటే తిరిగొస్తాయి. సన్నటి ఉలి, చిన్న సుత్తి, ఇంతే లక్ష్ముడి సామాను. గిన్నెను రెండు పాదాల మధ్య ఇరికించుకుని "ఏటని కొట్టమంతారు?" అని అడిగేవాడు. పేరు రెండుసార్లు చెప్పించుకునేవాడు. ఆ తర్వాత పెన్సిలు గీతైనా లేకుండా టకటకా మొదలుపెట్టేవాడు. గుండ్రటి గిన్నె మీద అక్షరం వంకర పోకుండా రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. చిన్నప్పుడు నాన్న చూడకుండా ఒక సత్తు గ్లాసు మీద నా పేరు నేనే కొట్టుకోబోయి దానికి చిల్లి పెట్టాను. ఆ గ్లాసును లక్ష్ముడు తన గోనెపట్టా కింద దాచేసి నన్ను తిట్లు పడకుండా కాపాడాడు. అప్పటి నుంచి నాకు అతను లక్ష్ముడు మావ.

అసిరయ్య ఎడమచేతి వాటం మనిషి. అందుకని అతని చుక్కలు నిలువుగా దిగవు, కాస్త పక్కకు ఒరిగి ఉంటాయి. లక్ష్ముడిది కుడిచెయ్యి. అయినా తండ్రి చేతి అక్షరమే తనకూ రావాలని పదేళ్ళ వయసు నుంచి తండ్రి కొట్టిన చుక్కల్లోనే ఉలి ఆనించి కొట్టి కొట్టి నేర్చుకున్నాడు. చుక్కలో చుక్క. పక్కకు వెంట్రుకంత జరిగినా అసిరయ్య వీపు మీద చరిచేవాడట. చివరికి తండ్రి చుక్కకూ కొడుకు చుక్కకూ తేడా వాళ్ళిద్దరికే తెలిసేది. తండ్రి పోయాక లక్ష్ముడొక్కడికే తెలిసేది.

స్టీలు వచ్చినప్పుడు అతనికేమీ కాలేదు, స్టీలు మీదా కొట్టాడు. పేర్లు చెక్కే కరెంటు పెన్ను వచ్చాక సగం పని పోయింది. బహుమతులంటే ప్లాస్టిక్ డబ్బాలూ కవర్లలో నోట్లూ అయిపోయాక మిగతా సగమూ పోయింది. అయినా పొద్దున్న తొమ్మిదింటికల్లా వచ్చి, అరుగు తుడుచుకుని, గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. సాయంత్రం దాకా ఒక్క గిన్నె కూడా రాని రోజులుండేవి. టీ ఇప్పిస్తే తాగేవాడు. అన్నం పెడతానంటే ఇప్పుడే తిని వచ్చాననేవాడు. అది అబద్ధమని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అలాంటప్పుడు మోహనకృష్ణ వచ్చాడు. విశాఖ వెళ్ళే రోడ్డు మీద పాతసామాన్ల షోరూము పెట్టినవాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. భోగాపురం దగ్గర విమానాశ్రయం కోసం ఊళ్ళు ఖాళీ చేస్తున్న రోజులవి. పెంకుటిళ్ళు వదిలి పునరావాస కాలనీకి మారుతున్న జనానికి, ఇద్దరు పట్టుకుంటే గాని కదలని గంగాళాలు పెట్టుకునే చోటు కొత్త ఇళ్ళలో లేదు. ఆటోల్లో వేసుకొచ్చి మా కొట్లో తూకానికి ఇచ్చేసేవారు. నేను తూకానికే కొని మోహనకృష్ణకు కొంచెం ఎక్కువకు అమ్మాను. వ్యాపారమే కదా అనుకున్నాను.

వాటిలో ఏది నిజంగా పాతదో తేల్చడానికి మోహనకృష్ణకు లక్ష్ముడు కావలసి వచ్చాడు. లక్ష్ముడు గంగాళాన్ని బోర్లించి, అడుగున వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. అంచు ఎలా మడిచారో, అతుకు ఎక్కడుందో తడిమి చూసేవాడు. "ఇది బుడితి కంచరోళ్ళ పని బాబూ. మా అయ్య సిన్నప్పటిది. ఈ సెవులు మాత్రం తరవాత ఏసినారు" అని తేల్చేవాడు. దాని మీద పేరుంటే మరీ సులువు. "సూడండి, సుక్క అడుగుని నలుపు ఎలాగ కరుసుకుపోయినాదో. గుడ్డెట్టి తుడిస్తే పోయీ నలుపు కాదిది. ఏళ్ళు పట్టాల" అనేవాడు. మోహనకృష్ణ తలూపుతూ ఫోన్లో రాసుకునేవాడు. లక్ష్ముడిని "గారూ" అని పిలిచిన మొదటి మనిషి అతనే. చదువుకున్నవాడొకడు తన మాట వింటున్నాడని లక్ష్ముడి మొహం వెలిగిపోయేది. చిన్నప్పటి నుంచీ అతన్ని చూస్తున్నాను, అంత సంతోషం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆ తర్వాత జరిగినదానికి అతన్ని పూర్తిగా తిట్టలేను.

ఆరు నెలలు గడిచాక మోహనకృష్ణ మామూలు గంగాళం ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాడు.

"లక్ష్ముడు గారూ, దీని మీద ఏదో ఒక దివాణం పేరు, ఒక పాత సంవత్సరం వేసిపెట్టండి. బీచి దగ్గర రిసార్టు వాళ్ళు అడుగుతున్నారు. నీళ్ళు పోసి పూలు వేసి గుమ్మంలో పెట్టుకుంటారు, అంతే" అన్నాడు.

లక్ష్ముడు నా వైపు చూశాడు. నేను బిల్లు రాస్తున్నట్టు తల వంచుకున్నాను.

కొట్టాడు. అయితే కొత్త చుక్క మిలమిల మెరుస్తుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. దాన్ని కప్పడానికి కరక్కాయ కషాయం, దీపం మసి, ఆముదం కలిపి కాచి నల్లటి ముద్ద తయారుచేశాడు. గుడ్డతో చుక్కల్లోకి అద్ది, పైన తుడిచేసి, ఎండలో పెట్టేవాడు. నాలుగు రోజులకు ఆ గంగాళం నూరేళ్ళ నాటిదైపోయేది. ముద్ద ఉంచుకున్న కొబ్బరిచిప్ప అతని ఉలి పక్కనే ఒక సామానులా స్థిరపడింది. అలాంటివి ఎన్ని వెళ్ళాయో నేను లెక్కపెట్టలేదు. గంగాళాలు మాత్రం దాదాపు అన్నీ మా కొట్లోవే, నా బిల్లు మీద వెళ్ళినవే.

"ఏంటి మావా ఇది?" అని ఒకసారి అడిగాను.

"కొనీవోడికి సరదా. అమ్మీవోడికి లాబం. మద్దిని నాను సుక్కలెడతన్నాను. ఎవుడి కొంప ములిగిపోతాదమ్మా?" అన్నాడు.

ఎవరి కొంపా మునగదనే నేనూ అనుకున్నాను.

మరుసటి ఏడాది నవంబరులో రూబీ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి. ఖాళీ అయిన ఊళ్ళలో ఒకదాని నుంచి కాలనీకి మారింది. సరుగుడు తోటల్లో కూలి చేసి చేసి వేళ్ళు బిరుసెక్కిపోయాయి. తువ్వాలులో చుట్టుకొచ్చిన వెడల్పు మూతి బిందెను చంటిబిడ్డను దించినట్టు అరుగు మీద దించింది.

"పేర్లు కొట్టీది నివ్వేనా అన్నా?" అంది. "అమ్మడానికి తేలేదు. దీని మీద ఏటి రాసున్నాదో సదివి సెప్తావని తెచ్చినాను. మా మామ్మది. జ్ఞానసుందరి మామ్మ. మా సర్చి దీంతోనే కట్టినారు."

బిందెతో చర్చి కట్టడమేమిటని నేను నవ్వాను. రూబీ నవ్వలేదు. ఆ రోజుల్లో వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకు ఒక నియమం ఉండేదట. ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి పేర పక్కన పెట్టాలి. ఇంట్లో నలుగురికి చాలని బియ్యమైనా సరే, ఆ గుప్పెడు తియ్యాలి. జ్ఞానసుందరి ప్రతి శనివారం ఈ బిందె చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ గుప్పెళ్ళన్నీ పోగుచేసేది. అలా పోగైన బియ్యం అమ్మి, తాటాకులూ వాసాలూ కొని, ఆ ఊళ్ళో మొట్టమొదటి ప్రార్థన పాక వేశారు. పాక లేచిన ఏడాది ఆడవాళ్ళంతా కలిసి ఆ బిందె మీద ఆమె పేరు కొట్టించి ఆమెకే ఇచ్చేశారు. తర్వాత నాలుగేళ్ళకు, డేవిడ్‌రాజు గారని ఒకాయన ఉన్నారు, వాళ్ళ తాత స్థలం ఇచ్చి పెంకుల చర్చి కట్టించాడు. స్థలానికి దస్తావేజు ఉంది. పాకకేముంటుంది? గాలివానకు ఎగిరిపోయింది.

ఇప్పుడు కాలనీలో కొత్త చర్చి లేస్తోంది. గుమ్మం పక్కన రాతిపలక పెడతారు. దాని మీద "సంఘ స్థాపకులు" అని ఒక పేరు చెక్కుతారు. రిటైరైన హెడ్మాస్టరు డేవిడ్‌రాజు గారే ఇప్పుడు సంఘ పెద్ద. ఆయన తాత పేరు చెక్కుదామని అందరూ అనుకుంటుంటే, కూటంలో రూబీ ఒక్కతే లేచి, ముందు కట్టింది మా మామ్మ అంది.

"ఆయన మంచిగానే సెప్పినాడన్నా. ఆదారం ఉంటే మీ మామ్మగారి పేరే ముందేద్దాం అన్నాడు. ఆదారం ఉన్నాది. బిందె మీద రాసున్నాదని మాయమ్మ సెప్పీది. నాకు అచ్చరాలు రావు. మనవరాలికి సూపితే ఏటీ కనపడ్డం నేదంతంది."

కనపడకపోవడానికి కారణం రూబీయే. వాళ్ళమ్మా, ఆమే, ప్రతి క్రిస్మస్‌కూ చింతపండు, బూడిద వేసి ఆ బిందెను తళతళలాడేలా తోమారు. డెబ్బై ఏళ్ళ తోముడుకు ఎంత లోతు చుక్కయినా అరిగిపోతుంది.

లక్ష్ముడు బిందెను ఎండలోకి తీసుకెళ్ళి ఏటవాలుగా తిప్పాడు. నేనూ కళ్ళజోడు పెట్టుకుని అరుగు దిగి చూశాను. మొదట ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పేసరికి ఎండ ఒక కోణంలో పడి సన్నటి చుక్కలు నీడల్లా తేలాయి. కూడబలుక్కుని చదివాను. "గుప్పెడు బియ్యం బిందె. జ్ఞానసుందరి. 1952." పొరపాటు పడ్డానేమోనని రెండోసారి చదివాను. అదే ఉంది.

లక్ష్ముడు చదవడం లేదు. కళ్ళు మూసుకుని ఆ చుక్కల మీద వేలు నడిపిస్తున్నాడు.

"మా అయ్య సెయ్యమ్మా ఇది" అన్నాడు. "సూడు, ఇటుపక్కకి వొరిగిపోయినాయి. అప్పటికి ఆడికి పెళ్ళి కూడా అయ్యుండదు." కళ్ళు తుడుచుకున్నాడు. అసిరయ్య ఫొటో ఒక్కటి కూడా వాళ్ళింట్లో లేదు. ఆ మనిషి మిగిలి ఉన్నది ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్న ఈ చుక్కల్లోనే.

"ఆళ్ళకి కనపడాల గదన్నా. కనపడీలాగ సెయ్యి" అంది రూబీ.

"వద్దు సెల్లెమ్మా. ఇలాగే అట్టుకెళ్ళు. ఎండలో వోరగా పెడితే కనపడతాది. నాను కూడా వచ్చి సెప్తాను" అన్నాడు లక్ష్ముడు.

అక్కడితో ఆగిపోవలసింది. తెలివైనదాన్ని నేనున్నాను కదా, ఆగనిచ్చానా? "కూటంలో అంతమంది ఎండలోకొచ్చి వంగి చూస్తారా మావా? స్పష్టంగా కనపడితేనే మాటకు విలువ" అన్నాను. మా వైపు గిన్నెకు కళాయి పోతే కళాయి వేయిస్తాం, పేరు అరిగితే తిరగకొట్టిస్తాం. అరిగిన పేరును అలా వదిలేస్తే ఇంటి మనిషిని పట్టించుకోనట్టే అనుకుంటాం. అందులో తప్పుంటుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

లక్ష్ముడు రేకు డబ్బాలోంచి తండ్రి ఉలి తీశాడు. ఆ ఉలిని అతను ఏళ్ళ తరబడి వాడలేదు. తండ్రి చుక్క ఒక్కొక్కదాన్నీ వేలితో వెతికి పట్టుకుని, అందులో ఉలి ఆనించి, ఒక్కొక్క దెబ్బ వేశాడు. చిన్నప్పుడు నేర్చుకున్నట్టే, చుక్కలో చుక్క. పేరు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. రూబీ చీర కొంగు ముడి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మా అయ్య పనికి నాను డబ్బులేటి తీసుకుంతాను?" అన్నాడు.

రూబీ మురిసిపోయింది. లక్ష్ముడు మాత్రం బిందెను దూరంగా పెట్టి చూసి మొహం చిట్లించాడు.

"మెరిసిపోతన్నాది. నిన్న కొట్టినట్టున్నాది. మా అయ్య పనిలాగ నేదు" అన్నాడు.

అతని చెయ్యి దానంతట అది కొబ్బరిచిప్ప మీదికి వెళ్ళింది. గుడ్డను నల్లటి ముద్దలో ముంచి చుక్కల్లోకి అద్దాడు. తుడిచాడు. "ఇప్పుడు సరిపోయినాది" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. బాగుంది మావా అన్నాను కూడా.

పై ఆదివారం రూబీ మమ్మల్నిద్దరినీ రమ్మంది. ఆటోలో వెళ్ళాం. కాలనీలో కొత్త చర్చి గోడలు కిటికీల ఎత్తు దాకా లేచాయి. ఆరాధన పక్కనే రేకుల షెడ్డులో జరిగింది. అది అయ్యాక డేవిడ్‌రాజు గారు బిందెను బల్ల మీద పెట్టించి అందరికీ కనిపించేలా తిప్పారు. తనే గట్టిగా చదివారు. వెనక కూర్చున్న ముసలమ్మలు "స్తోత్రం" అన్నారు. "మా యత్త కూడా గుప్పిడి తీసీదే" అని ఒకామె పైకే అంది. రూబీ ముందు వరసలో కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది. జ్ఞానసుందరి పేరు రాతి మీదికి ఎక్కేసినట్టే అనిపించింది నాకు.

డేవిడ్‌రాజు గారు మర్యాదస్తుడు. తన తాత పేరు పోతోందని మొహం మాడ్చుకోలేదు. కాకపోతే ఎవరూ రేపు వేలెత్తి చూపకూడదని, పాత వస్తువులు పరీక్షించే ఒక పెద్దమనిషిని ఆ రోజుకు విశాఖ నుంచి పిలిపించి ఉంచారు. ఆయన పేరు బెన్హర్. మ్యూజియంలో పనిచేసి రిటైరైన మనిషి. ఈ ఊరితో గాని, ఈ తగవుతో గాని ఆయనకు సంబంధం లేదు.

బెన్హర్ గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. సంచిలోంచి దూది, చిన్న సీసా తీశారు. తడి దూదిని ఒక అక్షరం మీద రుద్దారు. దూది నల్లబడింది. ఆ నలుపును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఆముదం" అన్నారు.

ఇంకో దూది, ఇంకో అక్షరం. నలుపు పోయినచోట చుక్కలు పచ్చగా మెరిశాయి. ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశారు.

"క్షమించండమ్మా. బిందె పాతదే. పేరు మాత్రం ఈ మధ్య కొట్టింది. పాతదని నమ్మించడానికి మసి పూశారు. ఇదే మసి, ఇదే చేతి తీరు, పోయిన నెల ఒక రిసార్టులో పదకొండు గంగాళాల మీద చూశాను. అన్నీ దొంగ పేర్లే."

షెడ్డులో గుసగుసలు లేచాయి. రూబీకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "పాతదేనయ్యా. అరిగిపోతే తిరక్కొట్టించినాం" అంది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు బెన్హర్ గారు.

"ఎవులూ అడగనేదు గదయ్యా."

వెనక నుంచి లక్ష్ముడు లేచాడు. బల్ల దగ్గరికి నడిచాడు.

"బాబూ, ఆ గంగాళాల మీద రాజుల పేర్లు కొట్టింది నానే. ఈ మసి కూడా నాదే. అయ్యి దొంగవి, ఒప్పుకుంతన్నాను. ఇది దొంగది కాదు. ఇది మా అయ్య కొట్టినాడు. ఆడి సుక్కల్లోనే నాను మళ్ళీ కొట్టినాను."

"మరి మసి ఎందుకు పూశావు?"

"అలవాటు బాబూ."

ఎవరో పకాలున నవ్వారు. బెన్హర్ గారు నవ్వలేదు. బిందెను లక్ష్ముడి చేతికిచ్చి, "మీ నాన్నగారి చుక్క ఒక్కటైనా చూపించు. నువ్వు ఉలి పెట్టనిది. ఒక్కటి చాలు" అన్నారు.

లక్ష్ముడు బిందెను గుండెకానించుకుని పేరు పొడవునా వేలు నడిపాడు. మళ్ళీ మొదటి నుంచి నడిపాడు. పనితనం తక్కువవాడైతే నాలుగు దెబ్బలు పక్కకు జారేవి, పాత చుక్క పక్కనే కనిపించేది. ఇతను అసిరయ్య కొడుకు. ఒక్కటీ జారలేదు.

"నేదు బాబూ. ఒక్కటీ ఒగ్గనేదు" అన్నాడు.

"పోనీ, నువ్వు కొట్టకముందు ఈ పేరు కళ్ళారా చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

లక్ష్ముడు నా పేరు చెప్పలేదు. వేలు చూపించలేదు. ఒక్కసారి నా వైపు చూశాడు.

నేను మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. లేచి రెండు ముక్కలు చెప్తే అయిపోయేది. కానీ ఆ పదకొండు గంగాళాలు ఎవరి కొట్లోంచి వెళ్ళాయని తర్వాతి ప్రశ్న వస్తుంది. బిల్లులు నా పేరు మీద ఉన్నాయి. మూడు తరాల కొట్టు, పోలీసులు, పేపర్లో ఫొటో, అన్నీ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి. హ్యాండ్‌బ్యాగు తెరిచి అందులో చేతిరుమాలు వెతకడం మొదలుపెట్టాను. రుమాలు పైనే ఉంది. అయినా వెతికాను. నేను బ్యాగు మూసి తలెత్తేసరికి లక్ష్ముడు చూపు తిప్పేసుకున్నాడు.

డేవిడ్‌రాజు గారు రూబీ దగ్గరికి వచ్చి, "మీ మామ్మగారు భక్తిపరురాలే తల్లీ, ఎవరు కాదన్నారు? దేవుని మందిరం మీద అనుమానం ఉన్న మాట రాయకూడదని నా బాధ" అన్నారు. అబద్ధం లేదు ఆ మాటలో. ఆ షెడ్డులో ఎవరూ దుర్మార్గులు కారు, నన్ను మినహాయిస్తే.

జనం సర్దుకున్నాక రూబీ లక్ష్ముడి దగ్గరికి వచ్చింది. కోపంగా రాలేదు. గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, నాకు అచ్చరాలు రావు. నివ్వు ఉన్నాదంటే నమ్మినాను. నిజం సెప్పు. నివ్వు కొట్టకముందు దాని మీద ఏటన్నా ఉన్నాదా? నా మనసు కష్టపెట్టనేక కొట్టీసినావా?"

"మా అయ్య మీద ఒట్టు సెల్లెమ్మా" అన్నాడు లక్ష్ముడు.

రూబీ తలూపింది. తాగి వచ్చినవాడు తాగలేదంటే ఆడవాళ్ళు తలూపుతారే, అలా ఊపింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె చెవిలో చెప్పినా సరిపోయేది. ఆటో వచ్చిందని లక్ష్ముడిని పిలిచాను.

క్రిస్మస్‌కు ముందే రాతిపలక పెట్టారు. డేవిడ్‌రాజు గారి తాత పేరు చక్కగా చెక్కారట. ఆ వారంలోనే రూబీ మళ్ళీ కొట్టుకు వచ్చింది. ఈసారి బిందెకు తువ్వాలు లేదు. నేరుగా తక్కెడలో పెట్టింది. "తూకానికి తీసీసుకోమ్మా. కాలనీలో పిల్లలు దొంగ బిందె అంతన్నారు. మామ్మ పేరు ఎత్తితేనే నవ్వుతన్నారు" అంది. తూకం కంటే ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. లక్ష్ముడు అరుగు మీదే ఉన్నాడు. ఆమె అతన్ని పలకరించకుండానే మెట్లు దిగింది.

లక్ష్ముడు కొబ్బరిచిప్ప కాలవలో పారేశాడు. ఎవరైనా గిన్నె తెస్తే, కరెంటు పెన్ను వాడి దగ్గరికి పొమ్మనేవాడు. గోనెపట్టా పరుచుకుని ఊరికే కూర్చునేవాడు. మోహనకృష్ణకు మాత్రం ఏమీ కాలేదు. రిసార్టు వాళ్ళు బయటపడితే తమకే నామర్దా అని ఊరుకున్నారు. ఆ గంగాళాల్లో ఇప్పటికీ పూలు తేలుతున్నాయట. నాకూ ఏమీ కాలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మార్చిలో మోహనకృష్ణ మా కొట్టుకు వచ్చాడు. అతనితో వ్యాపారం నేను మానలేదు. అది కూడా చెప్పాలి కదా. పై అరలో ఉన్న బిందె అతని కంట పడింది. దించి, పేరు చదివాడు.

"ఇది బాగుందండీ. పాత క్రైస్తవ మిషను సామాను అడిగేవాళ్ళు ఇప్పుడు తగులుతున్నారు. గుప్పెడు బియ్యం అంటే కథ కూడా ఉన్నట్టుంది" అని అరుగు వైపు తిరిగాడు. "లక్ష్ముడు గారూ, ఇది అసలుదేనా?"

లక్ష్ముడు బిందె వైపు చూశాడు. అసలుదంటే అది మర్నాడే మోహనకృష్ణ కారెక్కి, ఏ గుమ్మంలోనో పూలకుండీ అవుతుంది.

"కాదు బాబూ" అన్నాడు. "నాను కొట్టిందే."

మోహనకృష్ణ బిందెను తిరిగి అరలో పెట్టేశాడు. భూతద్దం అడగలేదు, దూది అడగలేదు, సాక్షిని అడగలేదు. లక్ష్ముడి మాటను జనం అంత సులువుగా నమ్మడం ఆ బిందె విషయంలో అదే మొదలు.

మోహనకృష్ణ వెళ్ళిపోయాక లక్ష్ముడు లేచి గోనెపట్టా దులిపి మడతపెట్టాడు. తండ్రి ఉలిని రేకు డబ్బాలో పెట్టి సంచిలో వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, నా మొహం చూడకుండా అడిగాడు.

"ఆరోజు నివ్వు సదివినావు గదమ్మా? నాను కొట్టకముందు?"

"చదివాను మావా. రెండుసార్లు చదివాను."

"అయితే ఉన్నాదన్నమాట" అన్నాడు. "అందరూ నేదు నేదంటే, నాకే అనుమానం వచ్చీసినాది."

సందు మలుపు దాకా అతని వెనక చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత అతను మళ్ళీ ఆ అరుగెక్కలేదు. ఆ మాట అడిగినప్పుడు కొట్లో మేమిద్దరం తప్ప ఇంకెవరూ లేరు. అందుకే కాబోలు, నిజం చెప్పడానికి నాకేమీ కష్టం కాలేదు.